ఖాళీ సీట్ల మీద రుమాళ్లు

నల్లకోటు ఒకటి కౌంటర్ మీద దబ్బున పడింది.

"మరక పోవాలి."

"ఏం మరక?"

"కాఫీ."

"పాలు పోసిందా, పొయ్యనిదా?"

"పోసిందే. చక్కెర మాత్రం లేదు."

కౌంటర్ వెనక ఉన్నావిడ ముఖంలో ఏ మార్పూ లేదు. చక్కెర లేదంటే పని అర్జెంటని అర్థం. రసీదు చింపి ఇచ్చి, "సాయంత్రానికి రెడీ" అంది. వచ్చినవాడు టోపీ కిందికి లాక్కుని వీధిలో జనంలో కలిసిపోయాడు.

ఆవిడ అసలు పేరు ఆ షాపులో ఎవరూ పలకరు. ఏజెన్సీ లెక్కలో ఆవిడ ఏజెంట్ సూది. ఒకప్పుడు సరిహద్దులు దాటింది, గోడలు దూకింది, మారువేషాల్లో శత్రువుల ఇళ్లలో వంట కూడా చేసింది. మోకాలికి తూటా తగిలాక గోడలు దూకడం మానేసి కంప్యూటర్ కోడ్ రాయడం పట్టుకుంది. కాలు నెమ్మదించింది గానీ నోరు నెమ్మదించలేదని పై అధికారులు గొణుక్కుంటూ ఉంటారు. వాళ్ల బాధ వాళ్లది.

ఆ డ్రై క్లీనింగ్ షాపులో బట్టలు నిజంగానే ఉతుకుతారు, అదీ శుభ్రంగా. కింద సెల్లార్‌లో గోడ వారన వరసగా వాషింగ్ మిషన్లు, ఒక మూల ఆవిరి ప్రెస్సు. ఆ రొదలో రొద కలిపేసి, తెర వెనక సర్వర్లు. ఊళ్లో ఏజెన్సీ దాచిపెట్టిన మైకులు విన్నదంతా వచ్చి పడేది ఆ సర్వర్లలోనే. వాటికి కాపలా సూది.

కోటు కాలర్‌లో గట్టిదనం కోసం పెట్టే ప్లాస్టిక్ పుల్ల ఉంది. సూది దాన్ని లాగి, ఇస్త్రీపెట్టె హ్యాండిల్‌లో ఉన్న సన్నటి చీలికలో దూర్చింది. హ్యాండిల్ చెవికి ఆనిస్తే హెడ్డాఫీసు గొంతు పలికింది.

"ఏజెంట్ సూది. ఈరోజు నాలుగింటికి హోటల్ లాంజ్‌లో అత్తరు తన మామూలు టేబుల్ దగ్గర కూర్చుంటాడు. మన లోపలి మనిషి ఒకరు అతనికి ఫోన్ చేస్తారని సమాచారం. టేబుల్ మీది పూలకూజాలో మన మైకుంది. ఆ సంభాషణ రికార్డవ్వాలి. మీ రికార్డర్ నిండిపోయిందని రిపోర్టు వచ్చింది. పాత రికార్డింగులన్నీ చెరిపేసి చోటు చెయ్యండి. ఏమీ దొరక్కపోతే ద్రోహి బొత్తాం ఒక్కడేనని తీర్మానిస్తాం. ఐదింటికి వ్యాన్ వచ్చి తీసుకెళ్తుంది. ఓవర్."

అత్తరు అంటే పరాయిదేశపు ముఠా నాయకుడు. పైకి సెంట్ల వ్యాపారం, లోపల మన రహస్య ఏజెంట్ల పేర్లు కొని సరిహద్దు దాటించే వ్యాపారం. ఇక బొత్తాం అంటే సూదికి స్వయానా తమ్ముడు.

సూదికి అరికాలి మంట నెత్తికెక్కింది.

* * *

తమ్ముణ్ణి షాపు వెనక ఇస్త్రీ గదిలో పెట్టి బయట తాళం వేశారు. కిటికీ ఊచల్లోంచి అక్క ముఖం కనపడగానే వాడు లేచి వచ్చాడు.

"తిన్నావా అక్కా?"

"నా సంగతెందుకురా. నువ్వు తిన్నావా?"

"పెట్టారు. తినబుద్ధి కాలేదు."

మనవాళ్ల పేర్లు కొన్ని అత్తరు చేతికి చేరిన రోజున బొత్తాం అత్తరు ఇంట్లో ఉన్నాడని ఏజెన్సీకి ఒక కబురు అందింది. ఆ కబురు తెచ్చింది మేడమ్. మేడమ్ పైకి మన సర్వర్లు అమ్మిన కంపెనీలో ఇంజనీరు. లోపల డబుల్ ఏజెంట్. అత్తరు ముఠాలో మనిషిలా తిరుగుతూ, అక్కడి గుట్లు మనకి చేరవేస్తుందని ఏజెన్సీ ఆవిణ్ణి నెత్తిన పెట్టుకుంది.

"ఆరోజు నేను రేవు గోడౌన్‌లో ఉన్నానక్కా. మిరియాల బస్తాల వెనక దాక్కుని తుమ్మలేక చచ్చాను. అక్కడ మన మైకుంది కదా. నా తుమ్ములు పాత టేపుల్లో ఎక్కడో ఉంటాయి."

"తెలుసురా. ఆ టేపు కోసమే రోజూ వింటున్నా. దేనికీ పేరుండదు, అన్నీ నంబర్లే."

"చెరిపేస్తారటగా?"

"ఎవడు చెరిపేది? నా చెయ్యి పడకుండా అక్కడ ఒక్క అక్షరం చెరగదు. నా చెయ్యి పడదు."

తమ్ముడు ఊచల్లోంచి చెయ్యి చాపి అక్క చెయ్యి పట్టుకున్నాడు. సూదికి ఏడుపొచ్చింది. ఏడిస్తే టైమ్ దండగని మెట్లు దిగింది.

* * *

సెల్లార్‌లో స్క్రీన్ మీద ఎర్రక్షరాలు: చోటు లేదు.

దాని ముందు షాపు మేనేజరు అటూ ఇటూ తిరుగుతున్నాడు. మంచివాడే, కాకపోతే హెడ్డాఫీసు పేరు చెబితే చెమటలు పడతాయి. పక్కనే కుర్చీలో మేడమ్. సిల్కు చీర, ఎర్ర లిప్‌స్టిక్, కింద నేలమాళిగలో కూడా తియ్యని నల్లకళ్లద్దాలు.

"వచ్చావా! పద, తాళంచెవి తియ్యి. చెరిపేద్దాం" అన్నాడు మేనేజరు.

"చెరపను సార్."

"ఆర్డరమ్మా ఇది! డిస్కు ఫుల్. అంత పెద్ద అక్షరాలు కనపడట్లేదా?"

"కనపడుతున్నాయి. అబద్ధం."

"మిషను అబద్ధం చెప్తుందా?"

"మనం ఏది నేర్పితే అది చెప్తుంది. ఉన్న ఫైళ్లన్నీ కూడి చూశా. డిస్కులో సగం కూడా లేవు. మిగతా సగం ఎవరు తిన్నట్టు?"

మేడమ్ చిన్నగా నవ్వింది. "సూదిగారూ, మీ బాధ నాకర్థమవుతుంది. తమ్ముడు కదా. కానీ టైమ్ లేదు. పాతవి పోతే పోతాయి, కొత్తది దొరకాలి కదండీ."

కొత్తది దొరకాలంటే పాతవి పోవాలట. పాతవి పోతే తమ్ముడి తుమ్ములు పోతాయి. పాతవి ఉంచితే అత్తరు మాటలు పోతాయి. ఎటు తిరిగినా తమ్ముడి మెడకే ఉరి బిగిసేలా భలే కుదిరింది. ఇంత బాగా కుదిరినవేవీ వాటంతటవి కుదరవని సూది చాకిరీలో నేర్చుకున్న పాఠం.

రికార్డింగులు చెరపాలంటే రెండు తాళంచెవులు ఒకేసారి తిప్పాలి. ఒకటి మేనేజరుది, రెండోది సూది మెడలో ఉంటుంది. సూది గొలుసు తీసింది. మేనేజరు అమ్మయ్య అనుకుని చెయ్యి చాపాడు. సూది ఆ చేతిని దాటుకుని కుంటుతూ వెళ్లి, దుప్పట్లు నింపి ఉన్న వాషింగ్ మిషన్‌లో తాళంచెవి పడేసి, తలుపు మూసి, బటన్ నొక్కింది. మిషన్ గుర్రుమంటూ నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

"ఏం చేశావ్!"

"దుప్పట్లు మురికివి సార్, పొడుగు వాష్ పెట్టా. ఉతుకు పూర్తయ్యేదాకా తలుపు రాదు. ఈలోపు నన్ను తిట్టుకుంటూ కూర్చుంటారా, పని చెయ్యనిస్తారా?"

"సస్పెండ్ చేస్తా!"

"చెయ్యండి. ముందు ఆ కుర్చీ ఇటు జరపండి, మోకాలు నొప్పిగా ఉంది."

మేనేజరు కుర్చీ జరిపాడు. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

* * *

సూది ఫైల్ సిస్టమ్ కోడ్ తెరిచింది. డిస్కులో ఏది ఎక్కడ పెట్టాలో, ఎంత చోటుందో చూసుకునే పెత్తనం దానిది. కళ్లలో వత్తులేసుకుని ఒక్కో లైనూ చదివింది. వాషింగ్ మిషన్ దుప్పట్లను దొర్లిస్తోంది. మేనేజరు గోళ్లు కొరుకుతున్నాడు. మేడమ్ అద్దంలో చూసుకుంటోంది.

చాలాసేపటికి సూది ఒక లైను మీద వేలు పెట్టి నవ్వింది.

"సార్, బస్సులో సీటు కోసం కిటికీలోంచి రుమాలు వేస్తారు చూశారా?"

"ఇప్పుడు బస్సెందుకమ్మా?"

"చెప్తా వినండి. రికార్డింగు మొదలయ్యే ముందు డిస్కులో దానికి సరిపడా చోటు రిజర్వ్ చేస్తుంది ఈ కోడ్. రుమాలు వేసినట్టు. పనయ్యాక రుమాలు తీసేస్తుంది. ఆ తీసే లైను ఇదిగో, అడుగున ఉంది. కానీ రికార్డింగు మధ్యలో రద్దయితే కోడ్ ఇక్కడ పై నుంచే వెనక్కి తిరిగిపోతుంది. అడుగు దాకా రాదు. మనిషి దిగిపోయాడు, రుమాలు సీటు మీదే ఉంది."

"ఒక్క రుమాలుకి డిస్కు నిండుతుందా?"

"ఒక్కటైతే నిండదు. ఈ బగ్ వేరే ఎవరి కొంపా ముంచదు సార్, మనదే ముంచుతుంది. మామూలు జనం రికార్డు చెయ్యాలనుకుంటే చేస్తారు. మన దగ్గర ఒక్క అసలు మీటింగుకి ఎన్ని దొంగ మీటింగులు పెట్టి, ఆఖరి నిమిషంలో రద్దు చేస్తాం?"

మేనేజరు ముఖం పాలిపోయింది. శత్రువుని తికమక పెట్టడానికి దొంగ మీటింగులు పెట్టి రద్దు చేసే పద్ధతి కనిపెట్టింది తనే. దానికి మెడల్ కూడా వచ్చింది. అది ఇంట్లో షోకేసులో ఉంది.

"అంటే నేను రద్దు చేసినవన్నీ..."

"రుమాళ్లే సార్. బస్సు ఖాళీ. కండక్టరు మాత్రం ఫుల్ ఫుల్ అని అరుస్తూ, రుమాలున్నవాణ్ణి కూడా ఎక్కనివ్వట్లేదు."

"అయితే ఆపి మళ్లీ ఆన్ చెయ్. పోతాయి కదా?"

"పోవు. కరెంటు పోయినా రిజర్వేషన్ పోకూడదని డిస్కు మీదే రాయించి పెట్టారు. కోడ్ బాగుచేసి, డిస్కుని మళ్లీ మౌంట్ చేసేటప్పుడు, అంటే సిస్టమ్‌కి తగిలించేటప్పుడు, రుమాళ్లు ఏరాలి."

మేడమ్ అద్దం మూసింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక లిప్‌స్టిక్ తీసి మూత తిప్పితే లోపల పెన్‌డ్రైవ్. "ఇంత కష్టమెందుకండీ. మా కంపెనీ దగ్గర దీన్ని సరిచేసే ప్యాచ్ రెడీగా ఉంది. పెట్టెయ్యండి, చిటికెలో చోటొస్తుంది."

రెడీగా ఉంది! అంటే ఈ బగ్ సంగతి ఆవిడకి ముందే తెలుసు. తెలిసీ ఇందాకటి నుంచి చెరిపెయ్యమని పాట పాడుతోంది.

సూది పెన్‌డ్రైవ్‌ని సర్వర్‌కి తగిలించింది. ప్యాచ్ తెరిచి చూసింది. చిన్నదే. మౌంట్ అవ్వగానే రిజర్వేషన్లన్నిటినీ సున్నా చేసేస్తుంది. చచ్చినవీ, బతికున్నవీ, తేడా లేకుండా. హోటల్లో పూలకూజా మైకు పొద్దున్నే తన సీటు మీద రుమాలు వేసుకుని, మాటల కోసం నిశ్శబ్దంగా కాచుకుని ఉంది. దాని రుమాలు కూడా పోతుంది. ఆ ఖాళీలోకి ఊళ్లో మిగతా మైకుల నుంచి బస్సు హారన్లూ కుక్కల అరుపులూ వచ్చి కూర్చుంటాయి. నాలుగింటికి కూజా పలికితే చోటుండదు.

"బాగుంది మేడమ్. మీదే పెడతా" అంది సూది.

"మంచి నిర్ణయం." మేడమ్ లేచి చీర సర్దుకుంది. "కింద సిగ్నల్ లేదు. పైకెళ్లి ఒక ఫోన్ చేసుకొస్తా."

ఆవిడ చెప్పుల చప్పుడు మెట్లెక్కి ఆగిపోయేదాకా సూది కదల్లేదు. ఆ తర్వాత లిప్‌స్టిక్ పీకి చెత్తబుట్టలో పడేసింది.

"అదేంటి?" అన్నాడు మేనేజరు.

"ద్రోహి ఆవిడే సార్."

"నోరు అదుపులో పెట్టుకో! తమ్ముడి కోసం ఎవరి మీదైనా బురద చల్లేస్తావా?"

"తమ్ముడి కోసమే. అందులో దాపరికమేముంది? వాడు నేను పెంచిన పిల్లాడు. వాణ్ణి వ్యాన్ ఎక్కనివ్వను. కానీ బురద చల్లట్లేదు, కోడ్ చూపిస్తున్నా. రూలుంది కదా, ఏ మార్పు చేసినా ఇంకొకరు పైకి చదివి ఒప్పుకోవాలని. చదవండి. ముందు ఆవిడది, తర్వాత నాది."

మేనేజరు కళ్లజోడు ముక్కు మీదికి దించి, గొణుగుతూ మొదలుపెట్టాడు. మేడమ్ ప్యాచ్ సగం చదివేసరికి గొణుగుడు ఆగింది. ఒకప్పుడు అతనూ కోడ్ రాసినవాడే. "ఇది... అందరి రుమాళ్లూ లాగేస్తోందిగా. మన కూజాది కూడా."

"మరి?"

"కంపెనీ పొరపాటు కావచ్చు."

"కావచ్చు. ఇప్పుడు నాది చదవండి."

సూది రాసింది కొంచెమే. రద్దయినవాడు వెనక్కి తిరిగేచోట రుమాలు తీసే లైను ఒకటి. మౌంట్ అయ్యేటప్పుడు ఒక్కో రుమాలునీ పట్టుకుని, దాని తాలూకు మైకుని ఉన్నావా అని పిలిచే ముక్క ఒకటి. పలికితే ఉంచడం, పలక్కపోతే తీసెయ్యడం. మేనేజరు ఆఖరి లైను దాకా చదివి, నుదురు తుడుచుకుని, "ఒప్పుకుంటున్నా" అన్నాడు. గొంతు చిన్నగా ఉంది గానీ ఒప్పుకున్నాడు.

* * *

కొత్త కోడ్ కంపైల్ అవుతోంది. గోడ గడియారం నాలుగుకి దగ్గర పడుతోంది. వాషింగ్ మిషన్ ఒక విడత పిండుడు మొదలుపెట్టి గదంతా అదరగొడుతోంది.

కొత్త ఫైల్ సిస్టమ్ ఎక్కింది. స్క్రీన్ మీద హాజరు పట్టీలా వరసలు పరుగెత్తాయి. ఉన్నావా? జవాబు లేదు, తీసేశా. ఉన్నావా? లేదు, తీసేశా. ఎన్ని రద్దులు, ఎన్ని దొంగ మీటింగులు! రేవు మైకు పలికింది. స్టేషన్ మైకు పలికింది. వరసలు ఆగిపోయాయి. ఒకే ఒక్కటి మిగిలింది.

పూలకూజా. ఉన్నావా?

జవాబు లేదు.

"చచ్చిందేమో" అన్నాడు మేనేజరు. "ఎవడో కూజా తీసేసి ఉంటాడు. దాన్ని కొట్టేసి ముందుకెళ్లు. పక్క టేబుల్ మైకుతో చూద్దాం."

"దానికి ఏం వినపడుతుంది? స్పూన్ల చప్పుడా? ఆగండి."

"నాలుగు కావస్తోందమ్మా!"

"ఆగండన్నానా! బ్యాటరీ మిగుల్చుకోడానికి అది మధ్యమధ్యలో కునుకు తీస్తుంది. లేస్తుంది. పలకలేదని బతికున్నవాణ్ణి చచ్చినవాళ్ల లెక్కలో వేసెయ్యడం మీకు అలవాటైపోయింది సార్. పైన ఇస్త్రీ గదిలో ఒకణ్ణి అలాగే వేశారు."

మేనేజరు గడియారం వైపు చూశాడు. సూది వేలు కీ మీద ఉంది, నొక్కలేదు. గుండె మాత్రం మిషన్‌తో పోటీ పడి కొట్టుకుంటోంది. పొరపాటు పడ్డానా? నా మొండితనానికి వాడు బలైపోతాడా? ముల్లు నాలుగు మీద నిలబడింది.

ఉన్నా, అని వెలిగింది స్క్రీన్.

కూజా సీటు కూజాకి దక్కింది. ఎర్రక్షరాలు పోయి, డిస్కు సగానికి పైగా ఖాళీ అని చూపింది. రికార్డు దీపం పచ్చగా వెలిగిందో లేదో, స్పీకర్‌లో ఫోన్ మోగిన చప్పుడు. కాఫీ కప్పు సాసర్‌లో పెట్టిన చప్పుడు. ఆ తర్వాత అత్తరు బొంగురు గొంతు.

"చెప్పు. స్పీకర్లో పెట్టా, చుట్టూ ఎవరూ లేరు."

"నిశ్చింతగా మాట్లాడండి. ఊళ్లో ఎన్ని మైకులున్నా ఇవాళ వినే దిక్కు లేదు. వాళ్ల రికార్డర్‌కి వాళ్ల చేతే మందు పెట్టించా. పాపం ఆ కుంటిది చెప్పినట్టే చేసింది."

ఆ గొంతు ఇందాక ఈ గదిలో నవ్విన గొంతే. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

"మరి కుర్రాడు?" అన్నాడు అత్తరు.

"ఐదింటికి వ్యాన్. ఆరోజు మీ ఇంట్లో ఉన్నది నేనైతే, వాడనుకుంటున్నారు. కొత్త పేర్లన్నీ నా రెండో లిప్‌స్టిక్‌లో ఉన్నాయి. చీకటి పడకముందే మీ చేతిలో పెడతా."

సూది అప్పటికే వెంట తెచ్చుకున్న ఇస్త్రీపెట్టె హ్యాండిల్‌లో హెడ్డాఫీసుతో మాట్లాడుతోంది. "కాఫీ మరక దొరికింది. లాంజ్ తలుపులు మూసెయ్యండి. ఓవర్."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మేడమ్ చిరునవ్వుతో దిగి వచ్చింది. "అయిపోయిందాండీ?"

"అయిపోయింది" అని సూది బటన్ నొక్కింది. స్పీకర్‌లో మేడమ్ గొంతు మేడమ్‌కే వినిపించింది: పాపం ఆ కుంటిది చెప్పినట్టే చేసింది.

మేడమ్ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. సూది మంచి కాలితో ఆవిరి ప్రెస్సు పెడల్ తొక్కింది. బుస్సుమని గది నిండా ఆవిరి. నల్లకళ్లద్దాలు మసకబారి మేడమ్‌కి ఏమీ కనపడలేదు. చేతిలోకి తీసిన చిన్న పిస్టల్ ఎటు పేల్చాలో తెలిసేలోపే సూది మణికట్టు మెలిపెట్టి దాన్ని కింద పడేసింది. పక్కనే ఉన్న దుప్పటితో ముడి వేసి మేడమ్‌ని కుర్చీకి కట్టేసింది.

"చెప్పినట్టు చెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు మేడమ్" అంది. "ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు."

* * *

ఐదింటికి వ్యాన్ వచ్చింది. ఖాళీగా తిరిగి వెళ్లాల్సిన అవసరం రాలేదు, మేడమ్ ఎక్కింది. రెండో లిప్‌స్టిక్ సూది జేబులో ఉంది. అత్తరు హోటల్ లాంజ్‌లోనే, కాఫీ చల్లారకముందే దొరికిపోయాడు.

మేనేజరు స్వయంగా ఇస్త్రీ గది తాళం తీశాడు. తమ్ముడు బయటికొచ్చి అక్కని గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా మేనేజరు హ్యాంగర్లు సర్దుతున్నట్టు నటించాడు.

"పాత టేపులు?" అన్నాడు తమ్ముడు చివరికి.

"ఒక్కటీ పోలేదురా. నీ తుమ్ములు కూడా దొరికితే పైవాళ్లకి పంపిస్తా. స్పీకర్ పెద్దగా పెట్టి వినమని చెప్తా."

కింద వాషింగ్ మిషన్ తలుపు టక్కున తెరుచుకుంది. సూది దుప్పట్ల మధ్యలోంచి తాళంచెవి ఏరి, దులిపి మెడలో వేసుకుంది. ఇంత మెరుపు దానికి కొన్న రోజున కూడా లేదు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సస్పెన్షన్ సంగతి మర్చిపో. అదలా ఉంచు, ఆలోచిస్తున్నా... ఇకనుంచి మీటింగులు రద్దు చెయ్యడం తగ్గించమంటావా?"

"ఎన్నైనా రద్దు చేసుకోండి సార్" అంది సూది. "దిగేటప్పుడు రుమాలు పట్టుకుని దిగండి, చాలు."